చదువు సోకని గొంతు

ఎంఏ తెలుగులో చేరిన మొదటి వారమే నా నోరు నాకు శత్రువైంది. చిత్తూరు జిల్లా ఐరాల పక్క పల్లె నుంచి తిరుపతి హాస్టలుకు వచ్చినదాన్ని. మా విభాగం తలుపు దగ్గర నిలబడి "సారు యాడుండారు?" అని అడిగితే, ఆ సారే లోపలినుంచి "ఈడుండారు" అని జవాబిచ్చారు. క్లాసంతా పగలబడి నవ్వింది.

ఆయన మా ఆచార్యులు, కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. చెడ్డవారని అనను. చెడ్డవాళ్ళకు అంత ఓపిక ఉండదు. రోజూ క్లాసయ్యాక నన్ను కూర్చోబెట్టి, వచ్చినాడు కాదు వచ్చాడు, పోయినాడు కాదు పోయాడు అని దిద్దేవారు. ఈ నోటితో లెక్చరర్ ఎట్లా అవుతావమ్మా అని జాలిపడేవారు. లెక్చరర్ కావాలన్నది నా ఒక్కదాని కోరిక కాదు. మా నాయన ఆ సంగతి ఊళ్ళో ఎప్పుడో చాటింపు వేసేశాడు. అందుకని బట్టలుతికేటప్పుడు కూడా ఎక్కడ, ఇక్కడ, అక్కడ అని గొణుక్కుంటూ ఉతికేదాన్ని. రెండేళ్ళలో నా మాట అచ్చుపుస్తకమైంది. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.

తర్వాత ఒకరోజు ఆయనే పిలిచి టేపురికార్డరు ముందు కూర్చోబెట్టారు. చిత్తూరు మాండలికం మీద పరిశోధన చేస్తున్నారట. ఇన్నాళ్ళూ నేర్పినదంతా పక్కనపెట్టి మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమన్నారు. ఏం చెప్పాలో తోచక, ఆ ఏడు కళ్ళంలో ఆరబోసిన చెనక్కాయలు వానకు తడిసి మొలకలెత్తిన సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చి మధ్యలో ఆపేశాను. ఆయన "బాగుంది, ఆపకు" అన్నారు.

ఆ పరిశోధనకు పెద్ద పురస్కారం వచ్చింది. విశ్వవిద్యాలయం ఆయనకు సన్మానం పెట్టింది. ఆచార్యులు, విద్యార్థులు, పూర్వ విద్యార్థులు సాధించిన విజయాలన్నీ ఆ సభలోనే చదివి వినిపిస్తారని నాకూ పిలుపు వచ్చింది. అప్పటికి మా విభాగంలో ఖాళీ అయిన ఒకే ఒక్క లెక్చరర్ పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చి, ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. ఎంపిక చేసేవాళ్ళలో ఆయన మాటే చెల్లుతుంది. తన పాప పనిచేయబోయే చోటు చూడాలని నాయన ఇస్త్రీ పంచె కట్టుకుని నా వెంట బయలుదేరాడు.

సభలో విజయాలు చదవడం మొదలుపెట్టారు. ఎవరో కలెక్టరయ్యారు, ఎవరో పరుగుపందెంలో పతకం తెచ్చారు. ముక్కూ మొహం తెలియని ప్రతి పేరుకూ నాయన చప్పట్లు కొట్టాడు. చివర్లో సారు లేచి, తన పరిశోధనలోంచి ఒక నమూనా వినిపిస్తానంటూ టేపు పెట్టించారు. చదువు సోకని ఒక పల్లె స్త్రీ గొంతు ఇది అని పరిచయం చేశారు.

అది నా గొంతు. "వానొచ్చేసె. కాయంతా తడిసిపాయ. మా నాయన ఆడే కూలబడిపాయ."

హాలంతా నవ్వింది. ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఇక్కడ ముందు వరుసలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతలో పక్కన నాయన లేచి నిలబడ్డాడు. కోపంతో కాదు, సంతోషంతో.

"అది మా పాప గొంతు సామీ. ఎమ్మే సదివింది. ఇదో, ఈడే ఉండాది."

నవ్వులు ఆగిపోయాయి. పోస్టు పోతే పోనీ అనుకుని నేనూ లేచాను. ఆ గొంతు నాదేననీ, ఆయన దగ్గరే చదువుకున్నాననీ చెప్పాను. అంత కోపంలోనూ ఆయన దిద్దినట్టే మాట్లాడాను, అదీ నా ఖర్మ.

సారు ఒక్క క్షణం తడబడి ఉంటే నా కడుపు చల్లబడేది. ఆయన తడబడలేదు. చెయ్యి చాచి నన్ను సభకు చూపించారు.

"విన్నారు కదా. ఆ గొంతును ఈ గొంతుగా మార్చింది మన విశ్వవిద్యాలయం."

కలెక్టరుకు కూడా కొట్టనంత గట్టిగా అందరూ చప్పట్లు కొట్టారు. అట్లా నేను కూడా ఆయన విజయాల్లో చేరిపోయాను.

బస్సు పాకాల దాటేదాకా నాయన ఆ ముచ్చటే చెప్పుకున్నాడు. అంత పెద్దమనిషి అంతమందిలో మెచ్చుకున్నాక ఉద్యోగం ఇంకెక్కడికి పోతుందన్నాడు. పక్క సీటాయనకూ చెప్పాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఉద్యోగం వేరేవాళ్ళకు పోయింది. ఎందుకు పోయిందో సారునే వెళ్ళి అడిగాను. చదువులో నీకు వంక పెట్టలేం గానీ ఉచ్చారణలో ఇంకా ఆ యాస తగులుతోందమ్మా అన్నారు. మళ్ళీ పోస్టు పడుతుందనీ, అప్పుడు పిలుస్తామనీ, ఈలోగా దిద్దుకొమ్మనీ చెప్పారు. సభలో వదిలిపోయిన యాస ఇంటర్వ్యూ గదిలో నన్నెట్లా పట్టుకుందో నేను అడగలేదు. అడిగితే దానికీ ఒక సిద్ధాంతం చెప్పి, ఇంకో పురస్కారం తెచ్చుకునేవారు.

ఇంటికొచ్చి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. నాతోపాటు తిట్టిపోస్తాడనుకున్నాను. ఒక్క మాటా తిట్టలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటమే మానేశాడు. అన్నం దగ్గర తల వంచుకుని తినేవాడు. ఏదైనా అడిగితే తల ఊపేవాడు, లేదంటే చేత్తో చూపించేవాడు. చేను నుంచి వస్తూనే పాపా అని కేకేసే మనిషి, గొంతు సవరించుకుని లోపలికి వచ్చేవాడు. ఉద్యోగం రానందుకు అలిగాడనుకుని నేనూ బిగుసుకున్నాను. నేను చేసిన తప్పేమిటని నాకు మంటగా ఉండేది.

చివరికి ఉండబట్టలేక అమ్మ ఆయన్ను నిలదీసింది. నేను వంటింట్లో ఉన్నాను. నాయన గొంతు తగ్గించే చెప్పాడు గానీ నాకు వినపడింది.

"మళ్ళా పిలుస్తారంట గదా. అందాకా నా మాట పాపకు అంటకుండా సూసుకోవాల."