సంగారెడ్డి కోర్టులో ఒక ‘పర్సోఁ’

పక్క దేశంలో ఉన్న సాక్షి మన కోర్టులో ఎలా మాట్లాడతాడో చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. ఎల్.ఎల్.ఎం.లో నేను చదివేదే అది: సరిహద్దులు దాటే నేర చట్టం, ఇరుగుపొరుగు దేశాల కోర్టుల సహకారం. ఐరోపాలో ఒక దేశం ఇచ్చిన వారెంటు పక్క దేశంలో చెల్లుతుందని పరీక్షల్లో పేజీలు నింపాను గానీ, కళ్ళారా చూసింది ఒక్కటీ లేదు. సంగారెడ్డి కోర్టులో నేపాల్ సాక్షిని విచారిస్తారని మా సీనియర్ చెప్పగానే క్లాసులు ఎగ్గొట్టి బయల్దేరాను.

పొద్దున ఎనిమిదింటికి ఇంద్రేశంలో షేర్ ఆటో ఎక్కి, పటాన్‌చెరులో ఇడ్లీ తిని, సంగారెడ్డి బస్సు పట్టాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. సీటు మాత్రం ఎవరూ ఊరికే ఇవ్వరు! కోర్టుకు ఎక్కడ దిగాలని కండక్టర్ని అడుగుతుంటే, బుర్ఖాలో ఉన్న ఒక పెద్దామె జరిగి చోటిచ్చింది.

“నాతోని రా బిడ్డా, నాకు ఎరుకే. ఇయ్యాల నా కొడుకు కేసే ఉన్నది.”

పేరు ఖైరున్నీసా. నేను చూడబోయే కేసు ఆమె కొడుకుదే! ముత్తంగి గోదాములు రాగానే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. నిరుడు వానాకాలంలో అక్కడ దొంగలు పడి, రాత్రి కాపలా ఉన్న ఒడిశా కుర్రాణ్ణి చంపేశారు. మూడో రోజు పోలీసులు అడిగితే, పగటి కాపలాదారు దిల్ బహదూర్ “యూసుఫ్ పర్సోఁ ఆయా థా” అన్నాడట. రాసుకున్నాయన “మొన్న వచ్చాడు” అని రాశాడు. దొంగతనం జరిగిందీ సరిగ్గా అప్పటికి మొన్ననే. ఇంకేముంది! ఆటో నడుపుకునే ఈమె కొడుకు యూసుఫ్ జైలుకు పోయాడు. దిల్ బహదూర్ భయపడి నేపాల్‌లో సొంతూరికి వెళ్ళిపోయాడు.

“మస్తు పరేషాన్ అయినం బిడ్డా. గాయన నిజం చెప్తే నా పిల్లగాడు బయటికొస్తడు. లేకుంటే ఇగ జిందగీ అంత జైల్లనే.”

పదకొండింటికి కోర్టు హాల్లో తెర వెలిగింది. (మీరు వెళ్తే ఫోన్ ఆపేసి వెళ్ళండి, బంట్రోతు నా మీద మండిపడ్డాడు.) నేపాల్‌లో ఏదో కొండ ఊరి కోర్టు. గోడ గడియారంలో పదకొండుంపావు! వాళ్ళ టైము మనకంటే పావుగంట ముందు. ఇక్కడి జడ్జి గారి అభ్యర్థన ఢిల్లీ వెళ్ళి, ఖాట్మండు వెళ్ళి, ఆ కొండెక్కి దిల్ బహదూర్‌ను తీసుకొచ్చి నిలబెట్టింది. ఒక కోర్టు అడిగింది, ఇంకో కోర్టు సరేనంది, అంతే. అబ్బ, పుస్తకాల్లో చదివిందంతా నిజమే!

“యూసుఫ్ పర్సోఁ వచ్చాడని చెప్పావా?” అని హిందీలో అడిగారు ప్రాసిక్యూటర్.

“బోలా, సాబ్.”

“అంటే దొంగతనం రోజేగా?”

దిల్ బహదూర్ తెల్లబోయాడు. “నహీఁ సాబ్! పర్సోఁ, రంజాన్ మే. మేరే లియే హలీం లాయా థా.”

యూసుఫ్ తనకు హలీం తెచ్చిచ్చింది రంజాన్ నెలలోనట! హాలంతా ఘొల్లున నవ్వింది. పటాన్‌చెరు దుకాణాల్లో ‘పర్సోఁ’ అంటే మొన్నా కావచ్చు, ఆర్నెల్ల కిందటా కావచ్చు, గడిచిపోతే చాలు. దిల్ బహదూర్ హిందీ నేర్చింది ఆ దుకాణాల ముందే. రంజాన్ వచ్చింది ఎండలు ముదరక ముందు, దొంగతనం జరిగింది వానల్లో!

“మళ్ళీ ఎప్పుడైనా వచ్చాడా?” అన్నారు జడ్జి గారు నవ్వకుండా.

“నహీఁ సాబ్.” ఆ వెంటనే, అడగొచ్చో లేదో తెలియక, “యూసుఫ్ భాయ్, అచ్ఛే హో?” అన్నాడు. జడ్జి గారు వారించలేదు. బోనులో యూసుఫ్ తలూపి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు.

మధ్యాహ్నం బెయిలిచ్చారు, రేపు వదులుతారు. నాలుగింటి బస్సులో పటాన్‌చెరు దాకా నేను వాగుతూనే ఉన్నాను. “చూశారా అమ్మా, రెండు దేశాలు కలిసి మీవాడి కోసం ఎంత పని చేశాయో!” ఇంత గొప్ప చట్టం చదువుతున్నందుకు ఆ రోజు నాకు నిజంగా గర్వమేసింది. ఆమె చాలాసేపు ఊఁ కొట్టి, చివరికి నా చెయ్యి పట్టుకుంది.

“సచ్చిపోయిన పిల్లగాని అమ్మ ఒడిశాల ఉంటదట. మీ కోర్టోళ్ళకు గామె ఊరు ఎరుకుంటదా?”

“కనుక్కుంటానమ్మా.”

“జెర జల్దీ కనుక్కో బిడ్డా. గామె ఇంకా నా కొడుకే సంపిండనుకుంటున్నది.”