పెదనాయన కుడిచెవి

నిన్న పొద్దున పీజీ హాస్టల్లో పళ్లు తోముకుంటుంటే ఖాదర్ మామ ఫోన్.

"పాపా, మీ పెదనాయన చర్చ తేల్చకుండానే పోయినాడు."

నేను నవ్వాను. అలిగితే హనుమంతునిపాడులో కూతురింటికి బస్సెక్కడం ఆయనకు అలవాటే. "మళ్లీ ఏమన్నావు మామా?" అన్నాను కూడా.

అటువైపు మామ నవ్వలేదు.

బ్రష్ నోట్లోనే ఉంది.

మా పెదనాయన ఏసురత్నం. మా నాయనకు అన్న. మిలిటరీలో యుద్ధ ట్యాంకుల మెకానిక్‌గా చేసి, రిటైరై వెలిగండ్ల వచ్చి, బోరు మోటార్లు రిపేర్ చేసేవాడు.

చేరిన కొత్తలో "ట్యాంకు మీద డ్యూటీ వేసినారు" అని ఇంటికి ఉత్తరం రాశాడట. మా అవ్వ వీధంతా చెప్పుకొచ్చింది. "మావోనికి మంచి పనిచ్చినారు. నీళ్ల ట్యాంకు కాడ పెట్టినారు."

మా వైపు ట్యాంకంటే ఇంకేం ఉంటుంది?

ఎండాకాలం లీవులో వస్తే ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో సహా వచ్చారట. "నాయనా, ఒక ట్యాంకు మన వీధికి పంపమని మీ ఆఫీసర్‌కి చెప్పు" అని.

"పంపిస్తే మన వీధి ఉండదత్తా" అన్నాడట.

ఖాదర్ మామది బస్టాండ్ దగ్గర టైలర్ దుకాణం. దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు. రోజూ సాయంత్రం ఒకటే టాపిక్. మిలిటరీ ఖర్చు.

"పాత ఇనుముకు కొత్త రంగులేసి ఎన్నేళ్లు తిప్పుతారు బావా? ఇప్పుడు డ్రోన్లు వచ్చినాయి. పైనుంచి ఒక్కటి పడితే నీ ట్యాంకు దోసె పెనమే."

"కొత్త ఇంజనేస్తాం. చీకట్లో చూసే కొత్త కన్ను పెడ్తాం. బండి పాతదే, పని కొత్తది."

"అట్లయితే ఆ దుడ్లతో కొత్తదే కొనొచ్చు గదా?"

"ముందు నీ కుట్టుమిషన్ పాత సామానోళ్లకెయ్యి, తర్వాత మాట్లాడు."

ఆ మిషన్ మామ వాళ్ల నాయన కాలంనాటిది. దానికి నూనె పోసి, బెల్టు మార్చి నడిపించేది ఎవరనుకున్నారు? పెదనాయనే.

ఓడిపోయేలా ఉంటే ఆయన దగ్గర ఒక ఆయుధం ఉండేది. ఎడమచెవి.

ట్యాంకుల మోతకు అది ఎప్పుడో పోయింది. నచ్చని మాట రాగానే కుర్చీ కాస్త తిప్పి ఆ చెవి మనవైపు పెట్టేవాడు. ఇక మన మాట గాలికే.

డిగ్రీ ఫస్టియర్‌లో నేనూ ఆ చర్చలో దూరాను. మార్కాపురం కాలేజీ నుంచి బస్సు దిగి నేరుగా అక్కడికే. ఫోన్లో ఆర్టికల్స్ చదివి, నోట్స్ రాసుకుని మరీ వెళ్లేదాన్ని.

నోరు తెరవగానే కుర్చీ తిరిగేది.

"ఆడపిల్లకేం తెలుసు" అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆ మాట కూడా అనలేదు. ఎడమచెవి, అంతే.

నాకు గెలవాలని లేదు. ఒక్కసారి ఆ కుడిచెవి కావాలి.

ఫైనలియర్‌లో ఒకరోజు మళ్లీ కొత్త కన్ను, కొత్త ఇంజన్ మొదలుపెట్టాడు. నోట్స్ పక్కన పడేశాను. ఆయన ఎడమచెవి దగ్గరికే వెళ్లి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"పెదనాయనా! బండికి అన్నీ కొత్తవి పెట్టినారు సరే. లోపల కూర్చున్నోళ్ల చెవులకు ఏం పెట్టినారు?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఖాదర్ మామ మిషన్ ఆగింది.

పెదనాయన ఎడమచెవి తడుముకున్నాడు.

"దూది" అన్నాడు.

లేచి, కుర్చీ ఎత్తుకుని నాకు అటువైపు వేసుకున్నాడు. కుడిచెవి నావైపు.

"ఇప్పుడు మొదట్నుంచి చెప్పు."

గంటసేపు చెప్పాను. మధ్యలో నాలుగుసార్లు అడ్డం తగిలాడు, రెండుసార్లు తిట్టాడు, ఒక్కసారి "అదీ నిజమేలే" అన్నాడు.

మర్నాటి నుంచి ఆ పాయింట్ ఆయన సొంతం. బోరు రిపేరుకు పోయిన ప్రతి చేలోనూ ఒకటే ఉపన్యాసం. "బడ్జెట్ పెంచాల్సిందే. కానీ ముందు లోపలున్నోని చెవికి, తర్వాతే బండికి!" మోటార్ తిరిగితే చాలనుకునే రైతులు పాపం తలూపేవాళ్లు.

నా పేరు ఎక్కడా చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి నా కుర్చీ ఎప్పుడూ కుడివైపే.

నిన్న సాయంత్రం భూస్థాపన. పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక ఖాదర్ మామ పెట్టె చుట్టూ తిరిగొచ్చి, సరిగ్గా కుడివైపు నిలబడి వంగాడు.

"బావా, మొన్న నా మాట పూర్తి కాలేదు" అని మొదలుపెట్టి, డ్రోన్ల గురించి మొత్తం చెప్పాడు. కళ్లు తుడుచుకుంటూ, ఒక్క పాయింటూ వదలకుండా.

"ఇన్నేళ్లకు అడ్డం తగలకుండా విన్నాడు" అంది పెద్దమ్మ.

ఏడుస్తున్నవాళ్లమంతా ఫక్కున నవ్వేశాం. పాస్టర్ గారు కూడా.

పెదనాయనా, అక్కడ రెండు చెవులూ బాగుంటాయంట. ఇక తప్పించుకోలేవు.

ఖాదర్ మామ అక్కడికి రావడానికి ఇంకా చాలా టైముందిలే. అప్పటిదాకా ఆ మోత లేని చోట హాయిగా నిద్రపో.