ఊపి చూడందే చీటీ రాయని అమ్మమ్మ

మా అమ్మమ్మ ఒకసారి కోపంగా చూసేసరికి పదహారు టన్నుల లారీ, సరుకుతో సహా, నడిపేవాడు లేకుండానే వెనక్కి నడిచింది. అబద్ధమనుకునేవాళ్లు లారీల యార్డుకు వెళ్లి మూడో ప్లాట్‌ఫారం అంచు చూసుకోవచ్చు. అక్కడ మూరెడు సిమెంటు ఎగిరిపోయి ఉంటుంది. అది ఆవిడకు ఆ లారీ పెట్టిన దండం.

అమ్మమ్మది సరుకు బుకింగ్ పని. యార్డులో ఒక రేకుల గది, అందులో బల్ల, కాటా, తూకపు రాళ్లు, గోడకో మేకు. ఆ మేకుకు హమాలీలు బస్తాలు లాగే ఇనుప కొక్కెం వేలాడుతుండేది. అది చేతిలో లేకుండా ఆవిడ గది దాటేది కాదు. అందుకే యార్డంతా ఆవిడను కొక్కెమక్క అనేది. ఎవరు ఏ సరుకు తెచ్చినా పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఊపేది, చెవి ఆనించేది, వాసన చూసేది. ఆ తర్వాతే చీటీ రాసేది. నేను పుట్టినప్పుడు కూడా ఆస్పత్రిలో ఎత్తుకుని ఊపి చూసి, "గట్టిదే, పగలదు" అందట.

ఈ ఊపుడు ఆవిడకు ఊరికే పట్టుకోలేదు. మా తాతయ్య లారీ డ్రైవరు. ఒక మలుపులో కుక్క అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాడు. లారీ ఆగింది, కుక్క బతికింది. వెనకున్న ఇనుప కడ్డీలు మాత్రం ఆగలేదు. క్యాబిన్ గోడనూ, సీటునూ, సీట్లో ఉన్న మనిషినీ చీల్చుకుని స్టీరింగు దాకా వచ్చాయి. చీటీలో 'ఇంటి సామాను' అని ఉంది. రాసినవాణ్ణి అమ్మమ్మ అడిగితే, "నేను చూడలేదమ్మా, వాళ్లు చెప్పింది రాశాను" అన్నాడు. అమ్మమ్మ వాణ్ణి కుర్చీతో కొట్టింది. కుర్చీ విరిగింది, వాడు ఉద్యోగం మానేశాడు. విరిగిన కుర్చీ బదులు స్టూలు వేసుకుని ఆవిడే అక్కడ కూర్చుంది.

లారీ వెనక్కి నడిచిన రోజు పొద్దున పరదాల వ్యాపారి ఒకాయన ఇరవై బేళ్లు తెచ్చి, ఎలా పంపాలో తేలక బుర్ర గోక్కుంటున్నాడు.

"రైల్లో వేస్తే ఎలా ఉంటుందక్కా?"

"బరువు ఎక్కువైతే, దూరం ఎక్కువైతే రైలే మేలు. కానీ రైలు నీ గిరాకీ గుమ్మం దాకా రాదుగా? ఇక్కడో బండి, అక్కడో బండి. ఎత్తి కుదేసి, ఎత్తి కుదేసి, ఇరవై బేళ్లకు అంత రాద్ధాంతం ఎందుకు?"

"పోనీ ఓడ?"

"నీ గిరాకీ సముద్రం అవతల ఉన్నాడా?"

"లేడు."

"మరి ఓడెందుకు, నీకు ఈత సరదానా?"

"మొత్తం లారీ మాట్లాడుకుంటే?"

"రాజాలా పోతుంది. తాళం వేస్తే మళ్లీ నీ గిరాకీ ముందే తీసేది. కానీ నీ బేళ్లు పావు లారీ కూడా నిండవు, మిగతా గాలికి కూడా కిరాయి నువ్వే కట్టాలి."

"అయితే నలుగురి సరుకుతో కలిపి..."

"అది లాడ్జిలో పక్క మంచం లాంటిది. చవక. పక్కవాడు గురక పెడతాడో గొంతు కోస్తాడో తెలీదు. అది చూడ్డానికే నేనున్నా."

ఈ మాట అన్న అరగంటకే అమ్మమ్మ చూడకుండా చీటీ రాసింది.

రాయించుకున్నవాడు రంగుల ఫ్యాక్టరీ ఆయన. పదకొండేళ్లుగా ఆవిణ్ణి 'పిన్నీ' అని పిలుస్తున్నాడు. పన్నెండు చెక్క పెట్టెలు తెచ్చాడు. ఒక్కోదాంట్లో గడ్డి కుక్కిన గాజు జాడీ. "సబ్బు నీళ్లు పిన్నీ. అవునూ, మోకాలు ఎలా ఉంది?" అన్నాడు. మోకాలి సంగతి అడిగినవాడికి మా అమ్మమ్మ ఇల్లు రాసివ్వమన్నా ఇస్తుంది. ఎడమ మోకాలి కథ అయిపోయి కుడి మోకాలికి వచ్చేలోపే హమాలీలు పెట్టెలు మోసుకుపోయారు. ఆవిడ కథ ఆపకుండానే 'సబ్బు నీళ్లు' అని రాసేసింది.

చివరి ఊళ్లో దిగే సరుకు ముందు ఎక్కాలి. లారీలో వరస అదే. జాడీలు దిగేది చివరి ఊళ్లో కాబట్టి క్యాబిన్‌కు ఆనించి పేర్చారు. వాటి వెనక కుట్టుమిషన్ల ఇనుప స్టాండ్లు, ఆ వెనక పరదాల బేళ్లు. స్టీరింగు ముందు కూర్చున్నది అమ్మమ్మ తమ్ముడు, నాకు చిన్నతాత. ఆయన మెడ వెనక క్యాబిన్ కిటికీకి అద్దం లేదు, గోనెపట్టా కట్టి ఉంది.

లారీ కదిలాక అమ్మమ్మ నేల మీద చూసింది. పెట్టెలు దించినచోట గుండ్రటి తడి మరక. దాని చుట్టూ సిమెంటు బుసబుసా నురగ కక్కుతోంది. కాలు పెడితే చెప్పు అడుగున పొగ లేచింది.

యాసిడ్. దానికి వేరే లారీ, వేరే అనుమతి ఉండాలి. ఇక్కడ ఒక్క బ్రేకు గట్టిగా పడితే చాలు, ఇనుప స్టాండ్లు ముందుకు దూకి జాడీలను క్యాబిన్‌కేసి నలిపేస్తాయి. పన్నెండు జాడీలూ ఆ గోనెపట్టాలోంచి తమ్ముడి మెడ మీద ఒలికిపోతాయి. గేటు దాకా ఎత్తు. ఎత్తులో ఆగితే సరుకు వెనక్కే వాలుతుంది, భయం లేదు. గేటు దాటితే నిలువు దిగుడు, దిగుడు చివర పెద్ద రోడ్డు. అక్కడ బ్రేకు వేయని డ్రైవరు లేడు.

అమ్మమ్మ కొక్కెం లాగి పరిగెత్తబోయింది. రంగులాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క ట్రిప్పే పిన్నీ. బయటపడితే నా ఫ్యాక్టరీ మూసేస్తారు."

"తప్పుకోరా."

"ఏం కాదు పిన్నీ, ఇదివరకు..." అంటూ చెయ్యి పట్టుకున్నాడు.

బల్ల మీదున్న రెండు కిలోల తూకపు రాయి ఆవిడ చేతిలోకి ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. మూతి మీద పడ్డాక తెలిసింది. రెండు పళ్లు చీటీల పుస్తకం మీద రాలాయి. అతని మనిషి ఒకడు ఆవిడ జుట్టు పట్టి నుదుటిని తలుపు చెక్కకేసి రెండుసార్లు బాదాడు. కన్ను రక్తంతో మూసుకుపోయింది. మూడోసారి బాదేలోపు అమ్మమ్మ కొక్కెం వాడి ముంజేతిలోకి దిగింది. ఎముకకు తగిలి ఆగింది. వాడు పెట్టిన కేకకు యార్డంతా తిరిగి చూసింది. ఆవిడ తిప్పి లాగింది. కండ ఊడొచ్చింది, వాడు కూలబడ్డాడు.

లారీ అప్పటికి గేటుకు పది గజాల్లో ఉంది. ఇంజను మోతలో పిలుపు వినబడదు. అమ్మమ్మ మోకాళ్ల కథ మరిచిపోయి పరిగెత్తి, చేతిలోని కొక్కెం విసిరింది. డ్రైవరు పక్కనున్న అద్దం భళ్లుమంది. చిన్నతాత లారీ ఆపి, "ఏ వెధవరా అది?" అంటూ దూకాడు. ఎదురుగా ముఖమంతా రక్తంతో అక్క.

"అక్కా! ఏమైందే?"

ఆవిడ చెప్పేలోపే లారీ వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

దాని దారిలో, ప్లాట్‌ఫారానికీ లారీకీ మధ్య, రంగులాయన ఉన్నాడు. మూతి పట్టుకుని వెంటపడి వచ్చి, రక్తంలో కాలు జారి బోర్లా పడ్డాడు. అమ్మమ్మ ఎదురు పరిగెత్తి జుట్టు దొరకబుచ్చుకుని పక్కకు ఈడ్చింది. లారీ వెనక భాగం ప్లాట్‌ఫారాన్ని గుద్దింది. లోపల జాడీలు పగిలిన చప్పుడు. పలకల సందుల్లోంచి యాసిడ్ కారి అతని మడమ మీదా, ఆవిడ ఎడమ ముంజేతి మీదా పడింది. చర్మం తెల్లబడి, ముడుచుకుని, జారిపోయింది. అమ్మమ్మ అరవలేదు. అతని అరుపు ఇద్దరికీ సరిపోయింది.

చిన్నతాత గొట్టం తెచ్చి నీళ్లు కొట్టాడు. ఎడమ చెయ్యి నీళ్ల కింద పెట్టి, కుడి చేత్తో అమ్మమ్మ రంగులాయన్ని మళ్లీ వాయించడం మొదలుపెట్టింది.

"అక్కా! కొట్టడానికేనా వాణ్ణి కాపాడింది?"

"చచ్చినవాణ్ణి కొడితే వాడికేం తెలుస్తుందిరా?"

ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. పరదాల బేళ్లకు జల్లెడలా చిల్లులు పడ్డాయి. వాటి యజమాని ఏడుపు ముఖంతో వస్తే అమ్మమ్మ సాకులు చెప్పలేదు. "చీటీ రాసింది నేను. ఊపకుండా రాశా. తప్పు నాదే" అంది. తాతయ్య లారీకి చీటీ రాసినవాడు ఆనాడు అన్న మాటే తన నోటి దాకా వచ్చిందనీ, మింగేశాననీ ఆ తర్వాత ఒక్క తమ్ముడికే చెప్పింది. 'సబ్బు నీళ్లు' చీటీని మేకుకు గుచ్చి, కొక్కేన్ని దాని మీదే తగిలించింది. పరదాలాయన ఇప్పుడు పావు లారీ సరుక్కి కూడా మొత్తం లారీ మాట్లాడుకుంటాడు.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆవిడ కాగితాలు లాక్కుని, కాలిన చేత్తో చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"సగం గడ్డే కుక్కావు. లారీ నా చూపుకు వెనక్కి రాలేదు, మీ చిన్నతాత హ్యాండ్‌బ్రేకు వెయ్యక వచ్చింది. లోపల ఏముందో పైన అదే రాయవే, దొంగమొహమా."