ఒప్పుకుంటున్నారా?

సిస్టర్ సుధారాణి ఆపరేషన్ అంగీకార కాగితం చదువుతుంటే వార్డులో పంకాలకు కూడా నిద్రొస్తుంది. నిజామాబాద్‌లో ఆ ఆసుపత్రిలో ఆమె చేరినప్పుడు ఆ కాగితం ఒక్క వాక్యం, ఇప్పుడు నాలుగు పేజీలు. కళ్లద్దాలు ముక్కు చివరకు జార్చి, తన ఊరు బోధన్‌లోని కాలువ నీళ్లలా మెల్లగా సాగదీస్తూ, అట్టడుగున ఉన్న ప్రెస్సు పేరుతో సహా చదువుతుంది. చదివాక మొగుణ్నో కొడుకునో కాదు, కోయించుకునే మనిషినే అడుగుతుంది.

ఆ మధ్యాహ్నం మంచం మీద మోర్తాడ్ నుంచి వచ్చిన వసంతమ్మ పడుకొని ఉంది, పసుపు తవ్వి తవ్వి పచ్చబడ్డ గోళ్లతో. పొద్దున డాక్టరు గర్భసంచి తీయాలన్నాడు. "ఒప్పుకుంటున్నారా అమ్మా?" అంది సుధారాణి. వసంతమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "నేనేం తప్పు జేసిన, ఒప్పుకోనీకి?" "గామెకేం తెల్వది సిస్టరమ్మా, ఇటియ్యి, నేనేస్త సంతకం," అన్నాడు మొగుడు పోశన్న. "కోసేది నీ పొట్ట కాదుగా అన్నా!" అంటూ సుధారాణి కాగితం వెనక్కి లాక్కుంది. నాలుగు పేజీలూ మడిచి మంచం అంచున కూర్చుంది. "సంచి తీసేస్తారమ్మా. వద్దంటే కొన్నాళ్లు మందులతో చూస్తారు. మీకిష్టమేనా?" వసంతమ్మను పెళ్లప్పుడు కూడా ఎవరూ అడగని మాట అది. "నా ఇష్టమా?" అని నవ్వింది. "తియ్యుమను బిడ్డా, నాకిష్టమే. గని గా మాట ఇంకొక్కపారి అడుగు."