రెండు నిమిషాల యూక్లిడ్

యూక్లిడ్ తిబోదో బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఎక్కడ ఏ తప్పు చేసినా సరే, మెడలో వేలాడే ఈల తీసి గట్టిగా ఊది, "రెండు నిమిషాలు!" అని అరుస్తాడు.

ఆయన నలభై ఏళ్ళు ఐస్ హాకీకి రెఫరీగా చేశాడు. ఆ ఆటలో తప్పు చేసినవాడు మంచు పక్కనున్న పెనాల్టీ బాక్సులో రెండు నిమిషాలు కూర్చుని రావాలి; అంతసేపూ అతని జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. మిగతా రెఫరీలు రిటైరయ్యాక ఈలను సొరుగులో పడేస్తారు. ఈయన మాత్రం మా రేవు ఊరు మొత్తాన్నీ ఆటస్థలం చేసేసుకున్నాడు.

ఒక ఆదివారం చర్చిలో ఫాదర్ సిల్వేర్ ప్రసంగం ముప్పావుగంట దాటింది. వెనక వరసలోంచి ఈల మోగింది.

"ఆట ఆలస్యం చేస్తున్నారు ఫాదర్! రెండు నిమిషాలు!"

ఫాదర్ చిన్నప్పుడు గోల్‌కీపరు. హాకీలో గోల్‌కీపరు తప్పు చేస్తే బాక్సులో కూర్చునేది అతను కాదు, జట్టులో ఇంకొకడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రూలు నీకు నేను చెప్పాలా యూక్లిడ్? నా బదులు ఆర్గన్ వాయించేవాడు కూర్చుంటాడు" అని ప్రసంగం కొనసాగించారు. పాపం, ఆర్గన్ వాయించే ఆయన నిజంగానే లేచి వెళ్ళి పక్క గదిలో కూర్చున్నాడు. ఆ తర్వాత పాట పాడవలసి వచ్చినప్పుడు అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం.

రేవులో ఒక సముద్రపు కాకి ఆయన చేతిలోని చేపముక్క తన్నుకుపోయినప్పుడు కూడా ఈల ఊదాడు. అది వెనక్కి తిరిగి చూడలేదు. "అయితే ఈ ఆటంతా నీకు ప్రవేశం లేదు!" అని ఆకాశం వైపు వేలు చూపించాడు. మర్నాడు దాన్ని గుర్తుపట్టి మళ్ళీ ఊదాడు. అదే కాకి అని ఆయనకెలా తెలుసో నాకు తెలియదు.

ఆయన భార్య డెలీమా పిన్నిని ఒకసారి జాలిగా అడిగాను.

"ఎలా భరిస్తున్నావు పిన్నీ?"

"భరించడమేమిటే ఒడీల్? నా దగ్గరా ఒక ఈల ఉంది. నిన్న బురద బూట్లతో వంటింట్లోకొచ్చాడు. ఊదాను. నోరు మూసుకుని మెట్లకింద స్టూలు మీద కూర్చున్నాడు. టైమైపోయినా అక్కడే నిద్రపోయాడు కూడా."

అంతవరకు నేనూ నవ్వుకున్నదాన్నే. ఆ జులైలో మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రతి జులైలోనూ మా రింకులో, అంటే కప్పుకింద మంచు పరిచిన ఆటస్థలంలో, పిల్లలకు వారం రోజులు హాకీ శిబిరం పెడతాం. బయట జనం చెమటలు కక్కుతూ ఉంటారు, లోపల పిల్లలు కోట్లు తొడుక్కుంటారు. ఆ ఎండకు మంచు మీద పొగమంచు మోకాళ్ళదాకా లేస్తుంది. ఆట మొదలుపెట్టేముందు పిల్లలందరినీ గుండ్రంగా పరిగెత్తించి దాన్ని చెదరగొట్టాలి. శిబిరం మీద వచ్చిందంతా నగరంలో పిల్లల ఆసుపత్రి పక్కనున్న విడిదికి పంపుతాం. లోపల బిడ్డ మంచం మీద ఉంటే తల్లిదండ్రులు అక్కడ ఉచితంగా తలదాచుకుంటారు.

పోయిన చలికాలం ఆ విడిదిలో మా మరదలు ఎడ్విజ్ మూడు నెలలు ఉంది. ఆమె కూతురు లియోనీకి తొమ్మిదేళ్ళు. గుండెకు ఆపరేషను అయింది. పిల్ల కోలుకుని ఊరికొచ్చింది కానీ, ఊరు దాన్ని గాజుబొమ్మను చేసేసింది. "పరిగెత్తకమ్మా", "కూర్చోమ్మా", "నీకెందుకమ్మా!" విని విని ఆ పిల్లకు విసుగొచ్చింది. శిబిరంలో చేరుతూనే నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పేసింది.

"నన్నెవరైనా రోగిష్టిదాన్లా కూర్చోబెడితే ఇంటికెళ్ళిపోతా. ఆఖరి రోజు మ్యాచ్ నేను చివరిదాకా ఆడాలి. అంతే!"

అదొక్కటే దాని కోరిక. అలాంటి పిల్ల మీద పడ్డాడు యూక్లిడ్ బాబాయ్.

గడియారం చూడటం, బాక్సు తలుపు తీయడం నా పని. మొదటి రోజు ఆట మొదలై మూడు నిమిషాలు కాలేదు, ఈల.

"లియోనీ! రెండు నిమిషాలు!"

"నేనేం చేశాను తాతా?"

"ప్రత్యర్థిని చూసి నవ్వావు. అవతలి జట్టులో నువ్వు, బెర్ట్రాన్! నువ్వూ పో."

"నేను నవ్వలేదు కదా!"

"అదే నీ తప్పు. నవ్వినపిల్లకు తిరిగి నవ్వకపోవడం మర్యాదేనా?"

ఇక వారమంతా ఇదే వరస. లియోనీ జడ ఊగడం తప్పు. లియోనీ పాట పాడటం తప్పు. తుమ్మడం పెద్ద తప్పు. దాన్ని పంపిన ప్రతిసారీ అవతలి జట్టులోంచి కూడా ఒకరిని లాగి పంపేవాడు. గోడ మీద పెనాల్టీల పట్టికలో శుక్రవారానికల్లా లియోనీ పేరు పక్కన పంతొమ్మిది గీతలు. పైగా బాక్సులో తన మోకాళ్ళకని ఒక దుప్పటి, తన నాలుకకని ఒక డబ్బా కమలాతొనలు పెట్టుకున్నాడు. పిల్లలు వాటిని ఖాళీ చేస్తున్నా పట్టించుకునేవాడు కాదు. అది వయసు తెచ్చిన మతిమరుపనుకున్నాను.

శనివారం ఆఖరి మ్యాచ్‌కు ఊరంతా వచ్చింది. పసుపు జట్టులో లియోనీ. మొదటి సగంలోనే నాలుగుసార్లు బాక్సులో పడింది. జనం "ఊ..." అని అరుస్తున్నారు. విరామంలో ఇక ఆగలేక మంచు మీదికే వెళ్ళాను.

"బాబాయ్, నీకసలు మనసుందా? చావు తప్పించుకొచ్చిన పిల్ల! ఒక్క మ్యాచ్ ఆడుకుంటానంటే తుమ్మినందుకు శిక్షలా? ఈల కాదు, బుద్ధి ఉండాలి మనిషికి. వెళ్ళి ఆ కమలాతొనలు నువ్వే కూర్చుని మెక్కు!"

ఆయన మీసం కూడా కదపలేదు. "రెఫరీని తిట్టావు. నీ సంగతి ఆటయ్యాక చూస్తా" అన్నాడు.

రెండో సగంలో స్కోరు మూడూ మూడు. ఇంకా మూడు నిమిషాల చిల్లర ఉంది. మళ్ళీ ఈల.

"లియోనీ! చూపులో పొగరు! రెండు నిమిషాలు!"

ఎడ్విజ్ మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను.

"నువ్వాగవే ఎడ్విజ్, ఈసారి ఆ ఈల ఆయన చేతే మింగిస్తా" అన్నాను.

"వద్దు వదినా." ఎడ్విజ్ నా చెయ్యి పట్టుకుంది. "దాని పెదాలు చూడు."

చూశాను. బాక్సులో దుప్పటి కప్పుకుని కూర్చున్న లియోనీ పెదాలు కొద్దిగా నీలంగా ఉన్నాయి. కమలాతొన చప్పరిస్తోంది. నేను చూస్తుండగానే నెమ్మదిగా ఎర్రబడ్డాయి.

"పెదాలు రంగు మారితే రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, ఆడనివ్వండి అన్నాడు డాక్టరు. ఇదేమో కూర్చోబెడితే ఇంటికెళ్ళిపోతానంటుంది. ఏం చెయ్యను? వెళ్ళి తిబోదో మామయ్యతో చెప్పుకున్నాను. 'కూర్చోబెట్టడానికి నాకంటే మొనగాడెవడే ఈ ఊళ్ళో?' అన్నాడు."

నాకు సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వారమంతా నేను గడియారం చూశాను. ఆయన ఆ పిల్ల పెదాలు చూశాడు.

టైమైంది. తలుపు తీశాను. అప్పటికి మంచు మీద మిగతా పిల్లలందరూ నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నారు. సరిగ్గా అప్పుడే ఎవరిదో కర్ర తగిలి పక్, ఆ ఆటలో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ, జారుతూ బాక్సు ముందుకొచ్చింది. దానితో కూర్చున్న అవతలి జట్టువాడు బాక్సులో ఇంకా తొన నములుతున్నాడు. మంచు మీద లియోనీ ఒక్కతే అలసట తీరి ఉంది, దాని ముందు గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. వెళ్ళింది, కొట్టింది, పడింది. పక్ వల లోపలుంది.

ఫాదర్ సిల్వేర్ సంతోషం పట్టలేక టోపీ మంచు మీదికి విసిరారు. వెంటనే ఈల మోగింది.

"మైదానంలో చెత్త వేశారు ఫాదర్! రెండు నిమిషాలు!"

మిగిలిన నిమిషం చిల్లర లియోనీ మంచు మీదే ఆడింది. గంట మోగాక గోడ మీది పట్టిక ముందు నిలబడి వేలుతో లెక్కపెట్టింది.

"ఒడీల్ అత్తా! ఇరవై నాలుగు! ఈ శిబిరంలో నా అంత రౌడీ ఇంకెవరూ లేరు!"

"ఊళ్ళోనే లేరమ్మా" అన్నాను. ఎడ్విజ్ అటు తిరిగి ముక్కు తుడుచుకుంది.

యూక్లిడ్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "బాబాయ్, ఇందాక నేను..." అన్నానో లేదో, ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"రెండు నిమిషాలు!"

"తిట్టినందుకా?"

"తిట్లు నాకు అలవాటే. కమలాతొనలు నేను తింటాననుకున్నందుకు. షుగరున్న నేను అవి తిన్నానని మీ పిన్ని వింటే నా గతేమిటి?"

నోరు మూసుకుని వెళ్ళి బాక్సులో కూర్చున్నాను. దుప్పటి కప్పుకున్నాను. డబ్బాలో అడుగున ఒకే ఒక్క తొన మిగిలి ఉంది. లియోనీ బయటినుంచి తలుపు మూసి, నా కుర్చీలో కూర్చుని గడియారం వైపు చూసింది.

"ఇంకా నిమిషం నలభై సెకన్లుంది. కదలకు అత్తా!"