కుచ్చు మింగిన కొరమీను

వానపామును గాలానికి గుచ్చడానికి నాకు చేతులు రావు. అందుకే ఈ ఉదయం మా ఆవిడ జడకుచ్చులోంచి కాసిని ఎర్ర పట్టుపోగులు కత్తిరించి ఎరగా కట్టాను. చింతాద్రిపేట దగ్గర కూవం ఏటి నీళ్ల మీద ఆడిస్తే, పురుగనుకొని కొరమీను మింగేసింది. గాలం ఊడదీశాను గాని పోగుల సంగతి తోచలేదు.

ట్రాములో ఇంటికొచ్చేసరికి ఆవిడ మా చెల్లెల్ని నిలదీస్తోంది.

"నా కుచ్చు నువ్వు గాక ఇంకెవురు కత్తిరిస్తారే?"

"అమ్మతోడు, నేను ముట్టుకోలా వదినా!"

చెల్లెలు ఏడుస్తున్నా నేను నోరు విప్పలేదు. చేపను మాత్రం ఆవిడ చేతికిచ్చాను.

మధ్యాహ్నం ఆవిడ నడిమి ముక్కలన్నీ చెల్లెలికే వడ్డించింది. నా కంచంలో తల ఒక్కటే పెట్టింది. దాని నోట్లో ఎర్ర పోగులు అలాగే ఉన్నాయి.

సాయంత్రమైనా చెల్లెలి ముఖం చూడలేకపోతున్నాను. మీరైతే ఆ తల తినగలిగేవారా?