పొగ వద్దన్న వదిన

మా మనవడు బతికాడు! ఆస్పత్రి నుంచి బయటికొచ్చేశాడు! ముక్కుకు గొట్టం లేదు, తనంతట తానే ఊపిరి తీసుకుంటున్నాడు, తల్లిపాలు చప్పుడయ్యేలా తాగుతున్నాడు. చావు కబురుతో కలిపి ఇలాంటి మాట చెప్పకూడదంటారు మావాళ్లు. నేనిక ఆగలేను. బిడ్డను ఇంటికి పంపిన రోజు పొద్దునే మా ఊరు పరగోడులో మా అన్న భార్య, మా పెద్ద వదిన, పోయింది. ఆవులకు మేత వేసి, అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట.

మా వీధిలో పుట్టిన బిడ్డలందరికీ నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసింది ఆమే. కాన్పుకొచ్చిన నా కూతురి బిడ్డకు, ఇంకా తల నిలపని పసివాడికి, దగ్గు పట్టుకుంటే మేం నిప్పులు సిద్ధం చేసి ఆమెను పిలిచాం. ఆమె బిడ్డ చొక్కా ఎత్తి చూసింది. ఊపిరి లాగినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది.

“పొగ వద్దప్పా. డొక్కలెగరేస్తాండాడు. కారు పిలిపించు.”

“అందరికీ వేసేది నువ్వే కదా వదినా?”

“వానికి గాలే చాల్లేదు. పొగ యాడ పడతాది?”

కారులో బిడ్డ ఏడుపు ఆపేశాడు. నిద్రపోయాడని నేను సంతోషపడ్డాను. “ఏడ్చినంతసేపూ నాకు దైర్యముండె” అంది వదిన, వాడి అరికాలు గిల్లుతూ. బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి.

చిక్కబళ్ళాపుర ఆస్పత్రిలో డాక్టరమ్మ, వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగిందని, ఆక్సిజన్ పెట్టి కాచుకోవడమే పని అని చెప్పింది. పక్క మంచం బిడ్డను పెద్ద మిషన్ ఉన్న గదికి పరుగున తీసుకెళ్లారు. ఆ తల్లి చెప్పులు మంచం కిందే ఉండిపోయాయి. వాటిని చూడలేక నేను బయటికొచ్చాను.

మెట్ల మీద వదిన కూర్చుని ఉంది. మావాళ్లలో ఒకరు ఆస్పత్రిలో చేరితే బంధువులంతా బ్రెడ్డు, ఎళనీరు కొబ్బరిబోండాలు పట్టుకుని రావాల్సిందే. ఆమె ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

“దగ్గుతాండావు, పోవద్దప్పా” అంది మా బావతో.

“దుమ్ముకు దగ్గితిని! ఆపేకి నువ్వేమన్నా డాక్టరా?”

“డాక్టరయ్యుంటే కుర్చీ ఇస్తాండ్రి. మెట్టు మీద కూర్చోనుండేది కనపళ్లేదా? ఎళనీరు ఇచ్చిపో.”

బావ అలిగాడు. ఆ రోజు నాకూ తలకొట్టేసినట్టయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమె కాళ్లు మొక్కాలనిపిస్తుంది. బిడ్డ కళ్లు తెరిచి చూశాకే, ఆవులున్నాయంటూ ఊరికి బస్సెక్కింది.

వదినకు మట్టి వేసి వచ్చాను. బిడ్డ మాట అక్కడ ఎత్తలేదు. చావింటి నిండా జనం, ఎవరికి దగ్గుందో ఏమో! అందుకే బిడ్డను చిక్కబళ్ళాపురలో మా పెద్దవాడి ఇంట్లోనే ఉంచాం. వాడు నిద్రపోతే చాలు, దగ్గరికెళ్లి కూర్చుంటాను. చొక్కా ఎత్తి చూసుకుంటాను.

ఇంక అందరికీ చెప్పాలి. అలిగి పోయిన కెంచార్లహళ్ళి బావకు. బ్రెడ్డు వెనక్కి పట్టుకుపోయిన చింతామణి అక్కకు. బాగేపల్లి మేనత్తకు, ఆమెకు చెవుడు, గట్టిగా చెప్పాలి. పరగోడులో ఒంటరిగా కూర్చున్న మా అన్నకు. ఆయనకు నేను చెప్పలేను. ఫోను బిడ్డ ముక్కు దగ్గర పెట్టి, ఆ ఊపిరి వినిపిస్తాను.